మూడుదారుల దగ్గర రెండోసారి

మాట్లాడకూడదు. అదొక్కటే కష్టం, మిగతావన్నీ తేలికే. గడ్డిచాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, మంచుకు తడిసిన నేల చల్లదనం నా ఒక్కగానొక్క మంచి కోటులోంచి ఒంట్లోకి ఎక్కడం, దారినపోయేవాళ్ళు ఆగి చూడటం, ఇవన్నీ ఓర్చుకోగలను, కానీ ఇషి అవ్వ వచ్చి ఎత్తుకునేదాకా నోరు విప్పకూడదు, పారేసిన పిల్లలు మాట్లాడరు కదా అని అమ్మ నిన్నటినుంచి చెబుతూనే ఉంది. ఏడవొచ్చా అని అడిగాను. ఏడవొచ్చు, అంది అమ్మ, నవ్వకుండా. పాతికేళ్ళ కిందట నాన్న నన్ను ఇక్కడే, ఈ మూడుదారులు కలిసే చోటే, చాటలో పడుకోబెట్టి వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడట, ఊళ్ళో ఇషి అవ్వ ఎత్తుకుందట. ఇప్పుడు చాటలో నేను పట్టను. పాదాలు పడితే మనిషి పట్టినట్టే అని అమ్మే తీర్పు చెప్పింది, అందుకని బూట్లు విప్పి పక్కన పెట్టి, మేజోళ్ళ కాళ్ళు రెండూ వెదురుచాటలో పెట్టుకుని కూర్చున్నాను, మా పల్లెలో మొదటిసారి కాలేజీ చదివిన ఆడపిల్లని, రేవు ఊరి బడిలో నాలుగో తరగతికి లెక్కలూ భూగోళమూ చెప్పే టీచర్ని. అమ్మ ఆ మల్బరీ ఆకులు నిలవచేసే పాక వెనకాల ఉంది. కన్నవాళ్ళు చూడకూడదు. చూడటం లేదని నాకు తెలుసు, చూడకుండా ఉండటానికే ఆవిడ పని పెట్టుకుంది, పట్టుపురుగులకు ఆకు తరుగుతున్న కత్తి చప్పుడు వినిపిస్తోంది, ఆ చప్పుడు ఆగినప్పుడల్లా నా గురించి ఆలోచిస్తోందని అర్థం.

మధ్యాహ్నం పట్నంలో, కుటుంబ కోర్టులో, పేరు మార్చుకుంటానని నేను పెట్టుకున్న అర్జీ విచారణకు వస్తుంది. పట్నానికి పొద్దున ఒకటే బస్సు. ఆ బస్సు ఇక్కడికి వచ్చేలోపల ఇషి అవ్వ వచ్చి నన్ను ఎత్తుకుని, కొత్త పేరుతో అమ్మ చేతికి అప్పగించాలి. రాకపోతే బస్సెక్కను, అర్జీ వెనక్కి తీసుకుంటాను, మళ్ళీ ఆ మాటెత్తను. అలా అని అమ్మకు మాటిచ్చాను. చట్టం ప్రకారం నాకు అమ్మ ఒప్పుకోలు అక్కర్లేదు, ఆ సంగతి ఆవిడకీ చెప్పాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు అలవాటు. ఆవిడ ఆ రోజునుంచి టీ తాగడం మానేసింది. మా వైపు ఆడవాళ్ళు దేవుడికి పెద్ద మొక్కు మొక్కుకుంటే వదిలేసేది టీయే. పొయ్యిమీద కెటిల్ అలా మరుగుతూ ఉంటుంది, నా ఒక్కదానికే పోస్తుంది, తను వేడినీళ్ళు ఊదుకుంటూ తాగుతుంది, మా ఇద్దరి మధ్యా ఆ ఖాళీ టీ కప్పు. ఏ చట్టాన్ని చూపించి ఆ కప్పు నింపగలను? చివరికి షరతు కూడా ఆవిడే పెట్టింది, ఇషి అవ్వ మళ్ళీ ఎత్తుకుంటే సరే, అని. నాకు వీటిమీద నమ్మకం లేదు. అమ్మకు ఉంది. కూర్చుంటే పోయేదేమీ లేదు, పరువు తప్ప, అది ఆరుబయట ఆరేసుకుని చాలాసేపయింది.

ఎండ ఇంకా ఇటు రాలేదు. అటు ఏటి అవతల ఇళ్ళ కప్పులు మెరుస్తున్నాయి, అక్కడివాళ్ళు అప్పుడే పరుపులు ఎండేసుకుంటున్నారు. ఆ ఊరి పేరు హినత, ఎండవైపు. మాది హికగె, నీడవైపు. మా ఊళ్ళ పేర్లు ఎప్పుడూ అబద్ధం చెప్పవు, భూగోళం చదువుకున్నాక ఈ మాట ఇంకా గట్టిగా చెప్పగలను. ఎద్దు జారిపడిన చోటుకి ఎద్దుజారు అనే పేరు పెట్టారు, ఉషికొరొబి, ఇప్పటికీ ఆ మలుపులో బస్సు మూలుగుతుంది, ఎండాకాలం ఎండిపోయే వాగుకి నీళ్ళులేనిది అని, మిజునషి అని పెట్టారు, పిల్లకి సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో అని ఎవరూ దాన్ని పూలవాగు అని మార్చలేదు. ఇంటిపేర్లు కూడా అంతే. సర్కారు అందరికీ ఇంటిపేరు ఉండాలని హుకుం చేసినప్పుడు మా ముత్తాత గుమ్మంలో నిలబడి బయటికి చూశాడట, రెండు కొండల మధ్య సందు కనపడింది, హజమ అని రాయించేశాడు. సందు. ఇవాళ్టికీ మా గుమ్మంలోంచి కనిపించేది అదే. నేలకు ఉన్నదాన్ని బట్టి పేరు పెడతారు, మనుషులకు మాత్రం కోరుకున్నదాన్ని బట్టి పెడతారు, పంట కోరుకున్నవాడు పంట అని, శాంతి కోరుకున్నవాడు శాంతి అని. నా పేరు రెండూ కాదు. సుతె. పారేసినది. నన్నెవరూ పారేయలేదు, పారేయాలని ఎవరూ కోరుకోలేదు. ఒక అబద్ధాన్ని పాతికేళ్ళుగా మోస్తున్నాను, అది కూడా నాకు చెప్పిన అబద్ధం కాదు, నా మీదుగా ఇంకెవరికో చెప్పింది.

మూడు చక్రాల బండి చప్పుడు. తొరకిచి, ఇంకెవరు, సహకార సంఘం పాలడబ్బాలు వేసుకుని. పులి సంవత్సరంలో పుట్టాడని వాడికి పులి అనీ, పక్కన అదృష్టం అనీ చేర్చి పేరు పెట్టారు, పామును చూస్తే చెట్టెక్కే రకం, బడిలో నా వెనక బల్లమీద కూర్చుని ఏ చెత్తకుప్పలో దొరికావే అని జడ లాగేవాడు. బండి ఆపాడు. తల బయటపెట్టాడు.

"ఏమ్మా హజమ టీచరూ, మీ బళ్ళో కుర్చీలన్నీ విరిగిపోయాయా, నేలమీద కూర్చున్నావు?"

నేను ఏటి అవతల పరుపుల్ని చూస్తున్నాను.

"అలిగావా? బస్సు మీద అలిగితే అది నిన్ను బతిమాలుతుందనుకున్నావా? అవునూ, ఆ కాళ్ళెందుకు చాటలో..." అక్కడ ఆగిపోయాడు. టోపీ తీశాడు. "ఓర్నాయనో. అదా? మళ్ళీనా? ఇంత పొడుగయ్యాకా?" పాకవైపు మెడ సాచి, "తోమె పెద్దమ్మా! పిల్లని పారేశావట! నన్ను తీసుకుపొమ్మంటావా?"

కత్తి చప్పుడు ఆగింది. "వేలు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతాను తొరా! నువ్వెత్తుకుంటే నీ పిల్లయిపోతుంది!"

"అమ్మో, వద్దులే. ఉన్న ముగ్గురికే పులుసు చాలక మా ఆవిడ నీళ్ళు కలుపుతోంది." నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది, పళ్ళు బిగించాను, నవ్వొచ్చో లేదో అమ్మను అడగలేదు. వాడు ఇంజను వేయబోయి, మళ్ళీ ఆగి, గొంతు తగ్గించి, "ఇషి అవ్వ ఇంటిమీదుగానే వచ్చాను. గుమ్మంలో కూర్చుని కాయలు వలుస్తోంది. తట్టెడున్నాయి. లేచే మనిషిలా లేదు. బండిలో తీసుకురానా?" అన్నాడు. నడిచే రావాలి, ఈ పూట ఎవరూ పిలవకూడదు, దారిన పోతుంటే కనపడాలి, అదీ పద్ధతి. నేను తల అడ్డంగా ఊపాను. తల ఊపడం మాట్లాడటం కిందకి వస్తుందా? వాడు టోపీ పెట్టుకోకుండానే బండిని కొంతదూరం తోసుకుంటూ వెళ్ళి, అక్కడికెళ్ళాక ఇంజను వేశాడు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కనుంచి వెళ్ళినట్టు. జడ లాగిన చేతులవే.

తట్టెడు కాయలు వలుస్తోందట. రాననే కదా దాని అర్థం. అయినా ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ పేరు పెట్టింది ఆవిడే, ఎత్తుకున్నవాళ్ళకే పేరు పెట్టే హక్కు, అది కాదని నేను కోర్టుకెళుతున్నాను. ఆవిడను ఎంచుకున్నది ఎందుకంటే ఆవిడ కన్న పిల్లలందరూ బతికారు, ఆవిడ పేరే ఇషి, రాయి, గట్టిగా ఉండాలని పెట్టారు, ఉంది. మా ఇంట్లో నాకన్నా ముందు పుట్టినవాళ్ళకు ఎంత మంచి పేర్లు పెట్టారో. అన్న పేరు చితొసె, వెయ్యేళ్ళు అని. ఒక్క చలికాలం బతికాడు. అక్క పేరు కమెయొ, తాబేలంత ఆయుష్షు అని. తొలి ముద్ద నోటికి ముట్టించే పండగకు చిన్న గిన్నె, అన్నం తినే చిన్న పుల్లలు కొని పెట్టారట, పళ్ళు గట్టిగా రావాలని ముద్దతో పాటు ముట్టించే గులకరాయి కూడా ఏట్లోంచి ఏరి తెచ్చారట, ఆ రాయి ముట్టుకోకుండానే పోయింది. నాన్న ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, ఆయన బొగ్గుబట్టీల మనిషి, పొగతోనే ఎక్కువ మాట్లాడేవాడు, పోయేటప్పుడు కూడా ఏమీ చెప్పకుండా పోయాడు. అమ్మ చెప్పింది ఒకసారి, ఆకులు తరుగుతూ, నా వైపు చూడకుండా. మేం ఆశపడ్డామని దానికి తెలిసిపోయింది, ఆ పేర్లు పిలుస్తుంటే విని, ఈ ఇంట్లో దాచుకున్నదేదో ఉందని వచ్చి తీసుకుపోయింది. ఏది వచ్చిందమ్మా? ఏదో. ఆ కొండమీద ఉంటుంది, పేరు లేదు దానికి. అందుకని మూడోసారి పిల్ల పుట్టగానే ఈ ఇంట్లో ఎవరికీ అక్కర్లేనట్టు దారిలో పడేశారు, దారినపోతున్నట్టు ఇషి అవ్వ వచ్చి చీపురుతో ఊడ్చి చాటతో సహా ఎత్తి, ఛీ, ఎవరో పారేసినది, దీనికి సుతె అని తప్ప ఏం పేరు పెడతాం, అని గట్టిగా, కొండకు వినిపించేలా అని, మీరు పెంచుకుంటారా అని ఇంటిగుమ్మంలో నిలబడి అడిగింది. పోనీ పడి ఉంటుందిలే, అన్నాడట నాన్న. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో. నేను పుట్టిన ఏడే హికగెలో కొత్త బావి తవ్వారు, వాగు నీళ్ళు తాగడం మానేశారు, నేను బతకడానికి కారణం అది అని నాకు తెలుసు, అమ్మకు చెప్పాను కూడా. ఆవిడ విని, బావి అందరికీ తవ్వారుగా, అంది.

ఆ రోజునుంచి ఆవిడ ఆ అబద్ధాన్ని ఒక్కరోజూ దించలేదు. నేను పరిగెత్తడం నేర్చుకుంటే పక్కింటావిడ, ఎంత చురుగ్గా ఉందో అంటే, అమ్మ వెంటనే కొండవైపు తిరిగి, దీనిమొహం, ఎందుకూ పనికిరాదు, అనేది. బళ్ళో మొదటి మార్కు వచ్చిందని టీచరు ఇంటికొచ్చి చెబితే, ఏదో పొరపాటయి ఉంటుంది, ఇంకోసారి చూడండి, అంది, పాపం ఆయన నిజంగానే వెళ్ళి మళ్ళీ చూశాడు. కాలేజీలో పట్టా పుచ్చుకున్న రోజు నేను బస్సు దిగి ఇదే దారిలో నడిచి వస్తుంటే ఊరంతా బయటికొచ్చింది, నాకోసం శుభకార్యాలకు వండే ఎర్రన్నం వండారు, అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, వచ్చావా, పురుగులకు ఆకు వెయ్యి, అంది, అని లోపలికి వెళ్ళింది. తర్వాత పెరట్లోకి వెళితే కుళాయి కింద గిన్నెలు తోముతోంది, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని నాకు తెలుసు, సంతోషానికే అనీ తెలుసు, కానీ ఎదురుగా ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, గొంతెత్తి చెప్పిన మాట లేదు. నేనెప్పుడూ ప్రేమను గోడ అవతలినుంచే విన్నాను. వినపడదని కాదు. వినపడుతుంది. అయినా గోడ గోడే.

ఇదంతా కోర్టు గుమస్తాకు ఎలా చెప్పను? అర్జీ తీసుకున్నాయన మంచివాడే, కళ్ళజోడు నుదుటిమీదకి తోసి, ఈ పేరువల్ల మీకు కలిగిన ఇబ్బంది ఏమిటమ్మా, అన్నాడు. బళ్ళో జరిగింది చెప్పాను. మీ పేరుకి అర్థమేమిటో ఇంట్లో అడిగి రండి అని పిల్లలకు ఇంటిపని ఇచ్చాను, ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు, ఒకడు అలల్లో పుట్టానని అన్నాడు, ఒకతె మా అవ్వ పేరులో సగం అంది, అందరూ అయ్యాక, టీచర్, మీ పేరో, అన్నారు. బోర్డుమీద రాశాను. అర్థం చెప్పాను, అడిగినదానికి తప్పించుకోవడం నాకు రాదు. కిటికీ పక్కన కూర్చునే చినామి అనే పిల్ల ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడ్చింది, ఎవరు పారేశారు టీచర్, ఇప్పుడెక్కడుంటున్నారు, అని. నన్ను కళ్ళల్లో పెట్టుకు పెంచిన మనిషి ఇక్కడ పాకలో ఆకు తరుగుతుంటే, అక్కడ ఒక పసిపిల్ల ఆవిడను తలుచుకుని భయపడి ఏడుస్తోంది. ఆ సాయంత్రమే అనుకున్నాను, చాలు. గుమస్తా అంతా విన్నాడు. పిల్ల ఏడిస్తే మీకు నష్టమేమిటమ్మా, అన్నాడు. నష్టమని కాదండీ, నేను బతికే ఉన్నాను, ఇంక దాక్కోవడం చాలు, అన్నాను. ఆయన కలం తీసి, ఇది కారణం కింద రాయడం కష్టం, అని, వృత్తిలో ఇబ్బంది, అని రాసుకున్నాడు. సరే. వాళ్ళకు అర్థమయ్యే మాట వాళ్ళు రాసుకుంటారు.

అమ్మకు చెప్పినప్పుడు మొదట నాకు అర్థమయ్యేలాగే వాదించింది, పురుగుల తట్టలు సర్దుతూ.

"బళ్ళో అందరూ హజమ టీచర్ అనేగా పిలిచేది? నిన్ను సుతె అని ఎవరు పిలుస్తున్నారు?"

"నువ్వు."

"నేను పిలిస్తే అది నిజం కాదుగా."

"అందుకేనమ్మా."

ఆవిడ తట్ట దించింది. "నా పేరు బావుందా? నేను మార్చమన్నానా?" అంది. అమ్మ పేరు తోమె. ఆపు, అని. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే, ఇంక చాలు, ఆపు, అని తాతయ్య దేవుడికి చెప్పుకున్న మాట అమ్మ నెత్తిమీద పడింది. దేవుడు వినలేదు, తర్వాత మా చిన్నమ్మ పుట్టింది. ఆపు, ఇలా రా. ఆపు, అన్నం పెట్టు. ఆవిడ జన్మలో ఒక్కసారి కూడా దాన్నిగురించి ఏమీ అనలేదు, ఆ ఒక్క మాట తప్ప, అదీ ఆ రోజు, నన్ను ఆపడానికి. ఆపలేకపోయింది. నేను మొండిదాన్ని, ఆవిడ కూతుర్నే కదా.

కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎండ గీత ఏరు దాటి ఇటు పొలం గట్టుమీదకి వచ్చింది, మెల్లగా పాకుతోంది, దాని ముందు గడ్డిమీది మంచు పొగలా లేస్తోంది. మళ్ళీ ఎత్తుకోమని అడగడానికి అమ్మా నేనూ ఇషి అవ్వ ఇంటికి ఎర్రన్నం పట్టుకుని వెళ్ళిన రోజు ఆవిడ మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, ఒకసారి పారేసినదాన్ని ఒకసారే ఎత్తుకుంటారు, రెండోసారి పారేస్తే అది చెత్తే, అంది. అమ్మ తల నేలకు ఆనించి దండం పెట్టింది. నేను పెట్టిన పేరు కుదరలేదటే నీకు, అని నన్నడిగింది అవ్వ. కుదిరింది అవ్వా, బతికాను, దాని పని అయిపోయింది, అన్నాను. కొత్తదేమిటో, అంది. నావొ, అన్నాను, వంకర లేకుండా నేరుగా ఉన్నది అని. నేరుగానా, నీ నడకెప్పుడైనా చూసుకున్నావా, బాతులా, అని నవ్వి, చివరికి వస్తాననీ రాననీ చెప్పకుండా, నా మోకాళ్ళు ఏమంటాయో అడిగి చూస్తా, అంది. ఆ పేరు నేను ఏ పంచాంగం చూసి ఎంచుకోలేదు, పేరు రాసే అక్షరాల్లో గీతలు లెక్కపెట్టించుకోలేదు, మా వాగు పేరులాగా, మా కొండసందు పేరులాగా, ఉన్నదాన్ని బట్టి ఉండాలి అనుకున్నాను, అంతే. నేరుగా ఉండటం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. నేరుగా ఉంటే దెబ్బలు నేరుగా తగులుతాయి, తగలనీ.

ఎద్దుజారు మలుపులో హారన్. బస్సు. ఏటిగట్టు మీద ఇంకా కనపడదు, మూలుగు మాత్రం వినపడుతోంది, ఆ ఎత్తు ఎక్కేదాకా అలాగే మూలుగుతుంది, తర్వాత ఒక్క ఊపులో ఇక్కడుంటుంది. హికగె దారి ఖాళీగా ఉంది. లేచి పరిగెత్తి వెళ్ళి అవ్వా రా అని చెయ్యి పట్టుకు లాక్కురావాలనిపించింది, పిలవకూడదు, లేవకూడదు, బూట్లు లేని కాళ్ళు చాటలో ఉన్నాయి. రాకపోతే? రాకపోతే మాట ప్రకారం ఇంటికి వెళతాను, ఆకు వేస్తాను, రేపు బడికి వెళతాను, చినామికి అన్నీ మొదటినుంచీ చెబుతాను, అన్నని, అక్కని, చాటని, చీపురుని, అర్థమయ్యేదాకా చెబుతాను. మాట తప్పను. కానీ రావాలి. నమ్మకం లేనిదాన్ని ఇలా కొండకేసి చూసి, రావాలి, రావాలి అనుకుంటున్నానంటే, ఇది మొక్కు కాక ఇంకేమిటి, టీ మానేయలేదు అంతే తేడా. అప్పుడు చీపురు కనపడింది. ముందు చీపురే, దారి మలుపులో గడ్డి పైనుంచి, ఊతకర్రలాగా లేచి పడుతూ, దాని వెనక తెల్లటి తలగుడ్డ, దాని కింద రెండుగా వంగిన ఇషి అవ్వ, బస్సంటే ఏమిటో తెలియనట్టు, దారిలో ఆగి ఒక రాయిని పక్కకు నెడుతూ.

వచ్చి నా వైపు చూడలేదు. నా చుట్టూ ఊడవడం మొదలుపెట్టింది, దుమ్మంతా నా మంచి కోటు మీదే. "ఈ మూడుదారుల దగ్గర ఎవణ్ణి చూసినా ఏదో ఒకటి పారేసి పోవడమే," అని గొణుక్కుంది. ఊడ్చి ఊడ్చి నా ముందుకొచ్చి ఆగింది. చీపురు మీద గడ్డం ఆనించుకుని చూసింది.

"సుతే," అంది.

ఒళ్ళంతా కదలబోయింది. అది నా ఆలోచన కాదు, నా వెన్ను, నా మెడ, పాతికేళ్ళ అలవాటు, ఆ శబ్దానికి లేచి నిలబడటం తప్ప ఒంటికి ఇంకోటి తెలియదు. కదలలేదు.

"సుతే, లేవే. నీ బస్సొస్తోంది."

బస్సు మలుపు తిరిగింది, అద్దం మీద ఎండ తళుక్కుమంది. పాకలో కత్తి చప్పుడు లేదు. అవ్వ ఇంకా వంగి, ఈసారి చాలా మెల్లగా, పసిపిల్లకు జ్వరం తగ్గిందేమో అని నుదురు ముట్టి పిలిచినట్టు, "సుతే," అంది, ఆ గొంతులో ఎంత ముద్దుందో అంత ముద్దు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఏడవొచ్చు, అమ్మ ఒప్పుకుంది, ఏడ్చాను, కానీ పలకలేదు. ఎదురుగా ఏటి అవతల పరుపుల్నే చూస్తూ కూర్చున్నాను.

"ఓహో." అవ్వ నడుము నిటారు చేసుకుంది, అయినంత. "అయితే ఇది మా సుతె కాదు. అదైతే పిలిస్తే పలికేది, మర్యాద తెలిసిన పిల్ల. ఇదెవరిదో." నా కోటు కాలరు పట్టుకుంది, ఆ పిడికిలి నిజంగా రాయే. "దొరికావులే. కానీ పేరు పెట్టే ఓపిక నాకు లేదే తల్లీ, అప్పుడే ఒకటి పెట్టి ముసలిదాన్నయిపోయాను. ఇంత పొడుగున్నావు, నోరుందిగా. నువ్వే చెప్పు."

"నావొ," అన్నాను. "నావొ అవ్వా."

"ఊఁ. లే అయితే."

చీపురుతో వెనకనుంచి ఒక్కటి తగిలించి, చాటలోంచి బయటికి ఊడ్చింది నన్ను. మేజోళ్ళతోనే దుమ్ములో నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది, కండక్టరమ్మాయి తలుపు తీసి మమ్మల్ని చూసి ఈల ఊదడం మర్చిపోయింది. "ఆగమ్మా, బిడ్డను అప్పగించాలి," అంది దానితో అవ్వ, రోజూ చేసే పనిలాగా, పాకవైపు తిరిగి కేకేసింది. "తోమే! దారిలో పిల్ల దొరికింది! ఒళ్ళు గట్టిగానే ఉంది! పేరు నావొ అట! పెంచుకుంటావా?"

పోనీ పడి ఉంటుందిలే, అంటే చాలు, నాన్న అన్నట్టు. అమ్మ పాక పక్కనుంచి వచ్చింది, చేతిలో ఇంకా కత్తి ఉంది, జుట్టులో ఆకు ముక్కలు. నన్ను చూసింది. తర్వాత నా తలమీదుగా కొండవైపు చూసింది, అక్కడ చెట్లకింద నీడలో సమాధుల దగ్గర చితొసె రాయి, కమెయొ రాయి పక్కపక్కనే ఉంటాయి. తల అడ్డంగా ఊపింది. అయిపోయింది అనుకున్నాను. కానీ ఆ తల ఊపడం నాకు కాదు, కొండకు. కత్తి నేలమీద పెట్టి, చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని, దారి మధ్యకు, అప్పుడే ఎండ పడుతున్న చోటుకు నడిచివచ్చి, నాకు వీపు పెట్టి నిలబడి, జన్మలో నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది.

"నావొ! మా పిల్ల! మేం పారేసింది కాదు, మా పిల్లే! కాలేజీ చదివింది! టీచరు ఉద్యోగం చేస్తోంది! ఎంత బావుంటుందో చూడు! కావాలంటే నా మీదకి రా!"

బస్సులో ఎవరూ నవ్వలేదు. అవతలి హినత కొండ ఆ మాటల్లో సగం తిరిగి ఇచ్చింది. అమ్మ అక్కణ్ణించి కదలకుండా, కొండకేసే చూస్తూ, మామూలు గొంతుతో, "నావో, బూట్లు వేసుకో, బస్సెళ్ళిపోతుంది," అంది.

"ఆఁ అమ్మా," అని పలికాను.